ఆ ఏటి పోతుపూత

"దుబాయ్‌లో ఉన్నాడు" అంటే మా ఊళ్ళో అందరికీ ఒకటే బొమ్మ కనబడుతుంది: అద్దాల మేడ, అందులో లిఫ్టు, ఆ లిఫ్టులో నేను. నిజానికి ఆ ఏడాది నేను ఎక్కి దిగినవి ఖర్జూరపు చెట్లు. ధైద్ దాటి కొండల వైపు పోయే దారిలో, ఇసుకకూ రాళ్ళకూ మధ్య ఒక మజ్రా. అంటే తోట. దుబాయ్‌లో తోటలు కూడా ఉంటాయని చెబితే మా తమ్ముడు నమ్మలేదు. మేకతో ఫోటో పంపితే, "అంత దూరం పోయి మళ్ళ మేకలేనా?" అని అడిగాడు. మేకకు గడ్డి వేసే వేళైందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

అంతకుముందు సజ్జాలో ఒక గోదాములో పెట్టెలు మోసేవాణ్ణి. కరోనా వచ్చి గోదాము మూతపడింది. క్యాంపు గదిలో పై మంచం మీద పడుకుని పైకప్పు చూసీ చూసీ విసిగిపోయాక, ఫలానా మజ్రాలో మనిషి కావాలంటున్నారని ఎవరో చెప్పారు. కాగితాలు మారి అక్కడికి చేరేసరికి చలికాలం మొదలైంది.

గేటు దగ్గర నన్ను ఎగాదిగా చూసినవాడు చిచ్చా. అనంతపురం వైపు మనిషి. తెల్లగడ్డం, కాళ్ళకు రబ్బరు బూట్లు, నడుముకు కొడవలి. ఆ తోటకు వచ్చి ఇరవై ఏళ్ళు దాటిందట. నేను తెలుగువాణ్ణని తెలియగానే మొహం విప్పారింది గానీ, వెంటనే సర్దుకుని పరీక్ష పెట్టాడు.

"ఏం సదివినావప్పా?"

"ఏడో తరగతి దాంక, చిచ్చా. ఎనిమిదికి పోదమనుకున్న గాని సారే దండం పెట్టిండు, రావద్దని."

"చెట్టెక్కడం వస్తాదా?"

"మా మామ తాటిచెట్లు గీస్తడు. నేను మోకు కట్టుకుని నడక నేర్చుకున్న."

"మాటలు చానా ఉండాయే నీకాడ. చేతులు గూడా ఉండాయా?"

అట్లా ఉద్యోగం దొరికింది.

యజమాని ముసలాయన. మేమంతా బాబా అనేవాళ్ళం. వారంలో నాలుగైదు సార్లు పాత పికప్ వేసుకుని వచ్చి, చెట్ల మధ్య ఒక్కడే తిరిగి, చిచ్చాతో కాసేపు అరబ్బీ కలిసిన హిందీలో మాట్లాడి వెళ్ళేవాడు. ఇద్దరి మాటల్లోనూ ఎక్కువ భాగం మౌనమే. ఆ తోటలో ఉన్న యాభై దాకా ఖర్జూరపు చెట్లనూ, పిలకలుగా ఉన్నప్పుడు గోతులు తీసి పాతింది చిచ్చాయే. పక్కన నిలబడి, ఇక్కడ కాదు అక్కడ అని కర్రతో చూపించింది బాబా.

చలికాలం ఆఖర్లో అక్కడి పనులు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తాయి. పొద్దున్నే మంచు. రేకుల షెడ్డు మీద నుంచి చుక్కలు చుక్కలుగా కారే ఆ మంచుకు మేకలు ఒళ్ళు ముడుచుకుని నిలబడేవి. అది ఈనే కాలం. పుట్టిన పిల్లల్ని పాత దుప్పటితో తుడిచి తల్లి ముందు పెట్టాలి. తర్వాత జత్ కోయాలి. అది మేకలకు వేసే పచ్చగడ్డి. తర్వాత ఎరువు. మేకల ఎరువు గంపలతో మోసి చెట్టు చుట్టూ పోసి మట్టి కప్పాలి. ఆ తర్వాత అసలు పని, ముళ్ళు కోయడం. ఖర్జూరపు మట్టకు మొదట్లో ఉండే ముల్లు గోనెలు కుట్టే దబ్బనం లాంటిది. పూత వచ్చే ముందే పైకెక్కి వాటిని కోసేయకపోతే, తర్వాత పూత దగ్గరికి చేయి పోదు. పోయినా తిరిగి రాదు.

ఇన్ని పనులు చేసినా తోట బాగుపడుతున్న గుర్తు ఒక్కటీ లేదు. బావి నీళ్ళు ఉప్పెక్కిపోయాయి. బోరును ఎంత లోతుకు దింపితే అంత ఉప్పు. తడి ఆరిన చోటల్లా నేల మీద తెల్లటి పొర. నిమ్మచెట్లు నేను రాకముందే చచ్చాయి. టమాటాలు గోలీలంత కాసేవి. "మంచిదే చిచ్చా, కూరల ఉప్పెయ్యనక్కర్లేదు" అంటే ఆయన నవ్వలేదు. ఖర్జూరం ఉప్పును ఓర్చుకునే జాతి కాబట్టి ఇంకా నిలబడి ఉంది, అదీ మట్టల కొసలు కాల్చినట్టు ఎర్రబడి. మాకు తాగే నీళ్ళు ట్యాంకరు తెచ్చిపోసేది.

జనవరిలో ఒక శుక్రవారం బాబా కొడుకులు కుటుంబాలతో వచ్చారు. మంట వేసి మాంసం కాల్చారు, పిల్లలు ఇసుకలో బళ్ళు నడిపారు. అన్నాలయ్యాక మగవాళ్ళు చాప మీద కూర్చుని గట్టిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చిచ్చా వాళ్ళకు గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోస్తూ అన్నీ విన్నాడు. తర్వాత మేకల దొడ్డి దగ్గరికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"పెద్దకొడుకు అంటాండాడు, ఈ ఉప్పు నేలలో ఇంగేమీ రాదంట. చెట్లు తీసేసి ఈత కొలను కట్టి, గదులు కట్టి, సెలవులకు వచ్చేటోళ్ళకు బాడుగకిస్తాడంట."

"మరి బాబా ఏమన్నడు?"

"మాటిచ్చేసినాడప్పా. ఈ తూరి చెట్లు కాస్తే తోట ఉంటాది. కాయకపోతే మీ ఇష్టం, నేను అడ్డం రాను అన్యాడు."

"కాయకపోతే మనమేడికి పోవాలె?"

"నువ్వు సజ్జాకు పో. పెట్టెలు మోసుకో."

"నువ్వో?"

చిచ్చా దగ్గర్లో ఉన్న మేకపిల్లను ఎత్తి ఇంకో చోట పెట్టాడు. అది అక్కడ ఉండాల్సిన అవసరం ఏమీ లేదు. "నాకు ఈ చెట్లు కాకుండా ఇంగేమొస్తాది?" అన్నాడు.

ఖర్జూరంలో పోతు చెట్టు, అంటే మగది, వేరు; కాయలు కాసే పెంటి చెట్టు వేరు. పోతు చెట్టు పూతలోని పొడిని పెంటి చెట్టు పూతకు మనిషి చేత్తో అందించాలి. గాలికీ తేనెటీగకూ వదిలేస్తే కాపు ఉండదు. దీనికి బడి పుస్తకంలో ఏదో పెద్ద పేరుంది. ఆ పాఠం వచ్చేలోపే నేను బడి మానేశాను. ఇక్కడివాళ్ళు ఆ పోతుపూతను నబాత్ అంటారు. నేను మాత్రం ఆ పనికి పెళ్ళి అని పేరు పెట్టాను. మా తోటలో పోతు చెట్లు రెండు ఉండేవి. ఒకటి అంతకుముందు ఎండాకాలంలో ఉప్పుకు చచ్చింది. మిగిలినది ఆ ఏడు పిసినారిలా కొన్ని పొత్తులే వేసింది. పొత్తి అంటే పూతను దాచుకున్న తోలు ఒర లాంటిది. అది పగిలితే లోపల తెల్లటి పూసల దండలు, ముట్టుకుంటే పిండి రాలుతుంది, వాసన తడి గోధుమపిండిలా ఉంటుంది.

చిచ్చా ఆ దండల్లో సగం పచ్చిగా వాడటానికి ఉంచాడు. మిగతా సగం వెడల్పాటి నీలం ప్లాస్టిక్ టబ్బుల్లో పరిచి, గాలి ఆడేట్టు షెడ్డు నీడలో ఆరబెట్టాడు.

"ఇవెందుకు చిచ్చా? అన్నీ ఒక్కసారే కట్టేస్తే అయిపోదా?"

"ఆలస్యంగా విచ్చుకునేటివి ఉంటాయి. మళ్ళీ, కట్టినంక వాన పడిందనుకో, పొడంతా కడుక్కుపోతాది. అప్పుడు రెండో తూరి కట్టాల."

"వాన? ఈడ?" అని నేను పడీపడీ నవ్వాను. "మీ అనంతపురంల పడ్డదాని లెక్కనా?"

"నవ్వు, నవ్వు. మా ఊరి పేరు చెప్పి దేవుడు గూడా నవ్వుతాండాడు."

ఫిబ్రవరి ఆఖరులో ఎండ కాస్త ముదిరేసరికి పెంటి చెట్ల పొత్తులన్నీ దాదాపు ఒకేసారి పగిలాయి. పగిలాక ఎక్కువ రోజులు ఆగవు. చిచ్చా మోకాళ్ళు అరిగిపోయాయి కాబట్టి ఎక్కేది నేను, కింద నిలబడి తిట్టేది ఆయన. నడుం చుట్టూ, చెట్టు చుట్టూ తాడు. ఆ తాడును ఎగరేసుకుంటూ పైకి పోవాలి. పెంటి పూతను వేళ్ళతో విప్పి, మధ్యలో పోతుపూత దండలు రెండు మూడు తలకిందులుగా గుచ్చి, జారిపోకుండా ఆకు చీలికతో వదులుగా కట్టాలి. గట్టిగా కడితే ఊపిరాడదట.

"పెండ్లికొడుకు ఒక్కడు, పెండ్లిపిల్లలు యాభై మంది. కట్నం గట్టిగనే ముట్టుంటది."

"నోరు గాదప్పా, చెయ్యి ఆడించు. బిస్మిల్లా అన్యావా?"

"అన్న, చిచ్చా."

"ఇనపడలేదు."

"దేవునికి ఇనపడ్డది. నీకు చెవుడొస్తే నేనేం జెయ్యాలె?"

పెద్ద పని అంతా రెండు మూడు రోజుల్లో అయిపోయింది. చివరి చెట్టు దిగేసరికి మధ్యాహ్నం. నా ముంజేతుల నిండా ముళ్ళ గీతలు. చిచ్చా ఒక్కో చెట్టు కిందకూ వెళ్ళి, తల పైకెత్తి, కట్టు కనబడిందో లేదో చూసుకుంటూ తిరిగాడు. అప్పుడు కొండల వైపు నుంచి చల్లటి గాలి వచ్చింది. ఆ గాలిలో మట్టి వాసన. నేను తలెత్తే లోపే కొండలు కనబడకుండా పోయాయి.

ఆ దేశంలో వాన అంటే కబురు పెట్టుకుని చూసే వస్తువు. కార్లు వేసుకుని మరీ వాగుల దగ్గరికి పోయి చూస్తారు. ముందు పెద్ద చుక్కలు ఇసుకలో గుంటలు పెట్టాయి. ఆ తర్వాత చుక్కలు లేవు, ఒకే పరదా. కోసి పెట్టిన జత్ మోపులు తడిస్తే కుళ్ళిపోతాయని నేను టార్పాలిన్ పట్టుకుని తోట అవతలి కొసకు పరుగెత్తాను. గాలి ఆ టార్పాలిన్‌తో పాటు నన్ను కూడా పట్టుకుపోవాలని చూసింది. దాని నాలుగు మూలలకూ రాళ్ళు పెట్టి తిరిగి రావడానికి చాలాసేపే పట్టింది.

వచ్చి చూద్దును కదా, రేకుల షెడ్డు చూరు కింద వరసగా నీలం టబ్బులు. పక్కన బకెట్లు, వంట గిన్నెలు, మేకల నీళ్ళ తొట్టి, చివరికి మా టీ కెటిల్ కూడా మూత తీసి పెట్టి ఉంది. అన్నీ నిండి పొంగుతున్నాయి. వాటి మధ్య చిచ్చా చొక్కా లేకుండా నిలబడి ఉన్నాడు. గడ్డంలోంచి ధార కడుతోంది. ఆ మనిషి మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

"తీపి నీళ్ళు! తాగప్పా, తాగు! సక్కెరేసినట్లుండాయి!"

నేను దోసిలితో తాగాను. ఉప్పు లేదు. ట్యాంకరు తుప్పు వాసనా లేదు. ఇద్దరం పిల్లల్లా ఒకరి మీద ఒకరం చల్లుకున్నాం. అప్పుడు షెడ్డు లోపల కరకరమని చప్పుడు వినిపించింది.

వానకు జడిసిన మేకలన్నీ దొడ్డి తడిక తోసుకుని షెడ్డులోకి దూరాయి. అక్కడ నేల మీద ఒక గోనెసంచి పరిచి ఉంది. దాని చుట్టూ అవి గుండ్రంగా నిలబడి విందు భోజనం చేస్తున్నాయి. తలెత్తితే ఒక్కోదాని మూతికి లేతపసుపు పిండి.

"చిచ్చా, టబ్బులల్ల పూత ఉండె గద?"

ఆయన మేకల్ని తోసుకుంటూ గోనె దగ్గరికి పోయాడు.

"పెండ్లి మేకలకైంది, చిచ్చా. మూతులకు పసుపు గూడ పూసుకున్నయి" అన్నాను. నా నోరు అంతే, చావు ఇంట్లో కూడా ఆగదు. ఆ మాట ఆ వానలో అక్కడే పడి చచ్చింది.

చిచ్చా గడప మీద కూలబడ్డాడు. "ఒక్క నిమిషం అనుకుంటినప్పా. గోతాం మీద పోసి, టబ్బులు బయట పెట్టి, మళ్ళీ లోపల పెడదామని... మా ఊర్లో వానొస్తే ఇంట్లో ఉండే ప్రతి గిన్నె చూరు కిందికి పోవాల. మా అమ్మ బిడ్డను దించి ఊయల తొట్టిని గూడా పెట్టేది. సినుకు పడ్తానే కాళ్ళు పరుగెత్తినాయి. తల ఎనకబడింది."

వాన రాకపోతే ఆ పూతతో పని ఉండేది కాదు. వాన వచ్చింది కాబట్టే అది కావాలి. వాన వచ్చింది కాబట్టే అది లేదు.

మర్నాడు పొద్దున బాబా పికప్ బురదలో ఈదుకుంటూ వచ్చింది. ఆయన దిగుతూనే టబ్బుల దగ్గరికి వెళ్ళి, వంగి, దోసిలి నింపుకుని తాగాడు. "హిల్వ! పానీ హిల్వ!" అన్నాడు, తియ్యటి నీళ్ళని, ఆకాశం వైపు చూసి ఏదో చదువుకున్నాడు. మాకు కూడా తాగమని సైగ చేశాడు. తర్వాత చేతులు తుడుచుకుని, మామూలుగా, "నబాత్ వేన్?" అని అడిగాడు. పూత ఎక్కడ అని.

"బక్రీ ఖా గయా, బాబా" అన్నాడు చిచ్చా. మేకలు తినేశాయని. తల దించుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

బాబా మేకల వైపు చూశాడు. ఒక మేక ఆయన దగ్గరికి వచ్చి ఆయన తొడుక్కున్న పొడుగు అంగీ, కందూరా, అంచు నమలబోయింది. కర్రతో మెల్లగా దాన్ని జరిపాడు. నేను ఉండబట్టలేక, "ఈ వాన ఒక్కరోజు ఆగి వస్తే ఏం పోయేది" అని హిందీలో గొణిగాను. అప్పుడు మాత్రం బాబా కోపంగా నా వైపు తిరిగాడు. వానను ఒక్క మాట అనకూడదట. వాన రహ్మా, దేవుడి దయ. దాన్ని తిట్టిన నోటికి మళ్ళీ నీళ్ళు పుట్టవట. ఆ ముసలాయన తోట పోయేదీ ఆ దయ వల్లే. అయినా దాన్ని అనడానికి లేదు.

ముగ్గురం పికప్‌లో చుట్టుపక్కల తోటలన్నీ తిరిగాం. ప్రతి తోటలోనూ అదే వాన పడింది కదా. ఉన్న పూత వాళ్ళకే రెండోసారి కావాలి. ధైద్ సంతలో పొత్తులు అమ్మే బల్ల దగ్గర ఖాళీ గోనెలు తప్ప ఏమీ లేవు. చివరికి ఒక తోటలో పఠాన్ ఒకడు జాలిపడి, పాత టీపొడి డబ్బాలోంచి గుప్పెడు పొడి తీసి ఇచ్చాడు. "పిఛ్లే సాల్‌కా హై, భాయ్. దువా కరో" అన్నాడు. పోయిన ఏటిది, ఇక దేవుణ్ణి అడుక్కోండి అని. ఆ పొడిని గోధుమపిండిలో కలిపి, దూదికి అద్ది, నేను మళ్ళీ చెట్లన్నీ ఎక్కాను. ఈసారి కింద నుంచి తిట్లు రాలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

ఆ తర్వాత చేయగలిగింది ఎదురుచూడటమే. చిచ్చా మేకల్ని పట్టించుకునేవాడు కాదు. ఈనిన మేకకు నీళ్ళు పెట్టడం కూడా మరిచిపోయి ఉప్పుబావి దగ్గర కూర్చునేవాడు. ఎండ ముదిరింది. మంచు పోయింది. చలికాలపు శుక్రవారాల్లో తోటలో వేసే మంటలు పోయాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఒకరోజు నేను ఎండుమట్టలు కొట్టడానికి ఎక్కి, గెలలు చూసి పైనుంచే కేక వేశాను.

"చిచ్చా! పిందెలు! ఒక్కో తొడిమకు మూడేసి! ఒకటి రావాల్సిన కాడ మూడు! సల్లగ బతికినం!"

ఆయన చెట్టు మొదటికి వచ్చాడు. ఒక పుల్ల తుంచి వేయమని చేయి చాపాడు. వేశాను. దిగి వచ్చేసరికి ఆయన అరచేతిలో ఆ పుల్ల ఉంది. పచ్చటి పిందెలు మూడేసి ముక్కులు కలిపి అతుక్కుని ఉన్నాయి. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. చిచ్చా గోటితో ఒకదాన్ని చీల్చాడు. లోపల గింజ లేదు.

"పొడి తగిలుంటే ఒకటే నిలబడి, మిగతా రెండూ రాలిపోతాయప్పా. తగలకపోతేనే మూడూ ఉంటాయి. ఇవి పండవు. తియ్యగా కావు. మేకలక్కూడా పెద్దగా నచ్చవు."

"అన్ని చెట్లూ గిట్లనేనా?"

"యాడో ఒకటి రెండు గెలలు మంచివి ఉంటాయేమో."

నిజంగానే ఒకటి రెండు ఉన్నాయి. బాబా వచ్చి వాటిని కూడా చూశాడు. మూడేసి పిందెలున్న గెలల్ని ఇంకా ఎక్కువసేపు చూశాడు. అంత నిండుగా కాసినట్టు ఆ చెట్లు ఎప్పుడూ కనబడలేదు మరి. చిచ్చా భుజం మీద చేయి వేశాడు. ఇద్దరూ చెట్ల వరస చివరిదాకా నడిచి వెనక్కి వచ్చారు. వచ్చాక బాబా ఒక్క మాట అన్నాడు. "ఖలాస్." కోపంగా కాదు. అన్నం తిన్నాక చేయి కడుక్కునే మనిషిలా.

నీళ్ళు ఆపమని పెద్దకొడుకు ఫోన్ చేశాడు. పంపు మీట దించింది చిచ్చాయే. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. మేకల్ని లారీలో తీసుకుపోయారు. ఒక మనిషి టేపు పట్టుకుని వచ్చి, చెట్ల మధ్య సున్నంతో కొలను గీతలు గీశాడు. నాకు సజ్జాలో మళ్ళీ పెట్టెల పనే దొరికింది. చిచ్చా ఏం చేస్తాడని అడిగితే, "కొలను కట్టినంక దాన్ని తుడిసే మనిషి గావాలంటాండారు" అన్నాడు.

"ఈత వస్తదా నీకు?"

"మా ఊర్లో ఈతకు నీళ్ళు యాడివప్పా?"

నేను బయలుదేరే రోజుకు నీళ్ళు ఆగి నెల దాటింది. చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఖర్జూరం అంత తొందరగా చావదు. గింజలేని గెలలు అట్లాగే వేలాడుతున్నాయి. చిచ్చా పొద్దున అన్నం గిన్నెలు కడిగిన నీళ్ళు బకెట్‌లో పట్టుకుని పోయి, గదికి దగ్గరగా ఉన్న చెట్టు మొదట్లో పోస్తున్నాడు. ఎండిన నేల ఆ నీటిని చప్పుడు చేస్తూ లాక్కుంది.

"అది బకెట్ గాదు చిచ్చా, కండ్లల్ల వేసే మందు. ఒక చెట్టుకు గంతదానితో ఏమైతది?"

"ఏమీ గాదు."

"మరెందుకు పోస్తున్నవ్?"

"ఊరికే పారబోసే నీళ్ళే గదా" అన్నాడు. నన్ను తీసుకుపోయే బండి హారన్ కొట్టింది. నేను సంచి ఎత్తుకునేసరికి ఆయన గిన్నెలు మళ్ళీ కడుగుతున్నాడు. అవి అంతకుముందే కడిగిన గిన్నెలు.